పాత కొలువు బొమ్మలను గుర్తించి ధర కట్టడం: అమ్మదలచినవారికి సమగ్ర మార్గదర్శి

విజయవాడ సత్యనారాయణపురంలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో పెద్దలు కట్టిన ఇల్లు ఖాళీ చేసి అపార్ట్‌మెంటుకు మారేటప్పుడు అటక మీది నుంచి దిగే ట్రంకుపెట్టెల్లో తరచుగా ఒకటి బొమ్మలది ఉంటుంది. కొండపల్లి దశావతారాలు, లక్కపిడతలు, తలాడించే తంజావూరు బొమ్మ, చెయ్యి విరిగిన మట్టి కృష్ణుడు, విదేశాల నుంచి ఎవరో తెచ్చిన ప్లాస్టిక్ బొమ్మ, ఇవన్నీ పాత చీర ముక్కల్లో చుట్టి ఒకే పెట్టెలో కనిపిస్తాయి. కొలువు పెట్టేవారు లేక, పెట్టడానికి చోటు లేక వాటిని అమ్మాలనుకున్నప్పుడు కొందరు పెట్టె మొత్తాన్ని పాత సామాను కొనేవారికి ఒక్క మాట మీద ఇచ్చేస్తారు. మరికొందరు పాతవి కాబట్టి లక్షలు పలుకుతాయని నమ్మి, వచ్చిన బేరాలన్నీ వదులుకుంటారు. ఈ రెండు నష్టాలకూ కారణం ఒకటే. బొమ్మ ఏమిటో తేల్చుకోకముందే వారు ధర గురించి ఆలోచించారు.

పాత బొమ్మను చేతిలోకి తీసుకున్నప్పుడు అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న, ఇలాంటిదే కొత్తది ఈనాడు దొరుకుతుందా అన్నది. దొరికేటట్లయితే కొత్తదాని ధరే చాలావరకు పాతదానికి హద్దు అవుతుంది. దొరకనప్పుడే వయసుకు, అరుదుదనానికి విలువ వస్తుంది. కింద చెప్పిన పనులన్నీ ఈ ప్రశ్నకు నమ్మదగిన జవాబు రాబట్టుకోవడానికే ఉద్దేశించినవి.

మొదటి పని: ఉన్నది ఉన్నట్టుగా ఉంచడం

పెట్టె తెరిచిన రోజున కడగడం, తుడవడం, అతికించడం, రంగు వేయడం పూర్తిగా మానుకోవాలి. మన ఇళ్లలో కొలువుకు ముందు వెలిసిపోయిన బొమ్మలకు ఎనామిల్ రంగు పూయడం వాడుకే. ఆ పని భక్తితో, ప్రేమతో చేసేదే. అయితే సేకర్తలు డబ్బు పెట్టేది కళాకారుడు వేసిన తొలి రంగుకే కాబట్టి, పైన పడిన ఒక్క పూత బొమ్మ విలువను సగానికి పైగా తగ్గించగలదు. నీటితో తుడవడం అంతకంటే ప్రమాదకరం. కొండపల్లి బొమ్మల అతుకులను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో పూడ్చి, దాని మీద సుద్ద పూసి, ఆపైన రంగు వేస్తారు. తడి తగిలితే మక్కు మెత్తబడుతుంది, సుద్ద వదులవుతుంది, రంగు పెచ్చులుగా లేస్తుంది. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే సరిపోతుంది.

తెల్లని దుప్పటి పరచి, బొమ్మలను ఒక్కొక్కటిగా విప్పి దాని మీద పెట్టాలి. ప్రతి బొమ్మకూ నూలు దారంతో చిన్న కాగితపు చీటీ కట్టి సంఖ్య వేయాలి. అంటించే స్టిక్కర్లు వాడితే తీసేటప్పుడు రంగు కూడా ఊడి వస్తుంది. రాలిపడిన వేలు, గొడుగు కర్ర, చక్రం వంటి ముక్కలను పారవేయకుండా అదే సంఖ్య రాసిన కవరులో దాచాలి, ఎందుకంటే విరిగిన ముక్క ఉన్న బొమ్మకూ, ముక్క పోయిన బొమ్మకూ ధరలో చాలా తేడా ఉంటుంది. బొమ్మను చుట్టిన గుడ్డలను, పాత పత్రికలను, పెట్టెలను, దుకాణం చీటీలను కూడా ప్రస్తుతానికి ఉంచాలి.

ఇంట్లో అమ్మమ్మో, నాయనమ్మో, మేనత్తో ఉంటే ఆ బొమ్మలను వారి ముందు పెట్టి, ఏది ఎవరి పెళ్లి సారెలో వచ్చింది, ఏది కొండపల్లి వెళ్లి కొన్నది, ఏది తిరుపతి యాత్రలో తెచ్చినది అని అడిగి రాసుకోవాలి. ఒక పెళ్లి సంవత్సరం తెలిస్తే బొమ్మ ఫలానా కాలానికి ముందే ఉందని చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. ఆ పెళ్లి ఫోటోలోనో, పాత కొలువు ఫోటోలోనో బొమ్మ కనిపిస్తే అంతకు మించిన సాక్ష్యం లేదు. ఇలా రాసుకున్న వివరాన్ని కొనేవారికి చెప్పేటప్పుడు, ఇది కుటుంబం చెప్పిన మాట, ఇది ఆధారం ఉన్న మాట అని విడివిడిగా చెప్పడం నిజాయితీ.

రెండవ పని: కర్రను, మట్టిని, లక్కను గుర్తుపట్టడం

మన ప్రాంతపు పెట్టెల్లో ఎక్కువగా ఉండేవి కొండపల్లి బొమ్మలు కాబట్టి వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఇవి తెల్ల పొణికి అనే మెత్తని కర్రతో చేసినవి. చేతిలోకి తీసుకోగానే, ఇంత పెద్ద బొమ్మ ఇంత తేలికగా ఉందేమిటి అనిపిస్తుంది. అడుగుభాగంలో రంగు పడని చోట కర్ర లేత రంగులో, పీచు కనబడేలా ఉంటుంది. ఒకే దుంగలో చెక్కిన శిల్పం కాకుండా తల, చేతులు, మొండెం, చేతిలోని వస్తువులు విడివిడిగా చెక్కి, మక్కుతో కలిపి, ఆకు రాతితోనో సన్నని గరుకు కాగితంతోనో నునుపు చేసినట్టుండే నిర్మాణం వీటి ముఖ్య లక్షణం. అందువల్ల భుజం దగ్గర, మెడ దగ్గర భూతద్దంతో చూస్తే అతుకు జాడ తెలుస్తుంది. ఏనుగు అంబారీ, ఎడ్లబండి, పల్లకి మోసే బోయీలు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, రోట్లో దంచే స్త్రీ, దశావతారాలు, గీతోపదేశం, నాట్యం చేసే బొమ్మ, ఇవి తరతరాలుగా వస్తున్న రూపాలు.

ఆ పేరుతో అమ్ముడయ్యేవన్నీ ఆ బొమ్మలు కావు. రెజిన్‌తోనో ప్లాస్టర్‌తోనో అచ్చుపోసిన వాటిని అవే రూపాల్లో, అవే రంగుల్లో అమ్ముతున్నారు. అచ్చు బొమ్మ బరువుగా, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. అడుగున కర్ర పీచు ఉండదు, పక్కల నిలువునా అచ్చు గీత కనిపిస్తుంది. ఒకే రకం బొమ్మలు రెండు పక్కపక్కన పెడితే చేతిపనిలో కనుబొమ వంపులో, చీర అంచు గీతలో ఎంతోకొంత తేడా ఉండి తీరుతుంది. అచ్చు బొమ్మలు మాత్రం గీతకు గీత కలుస్తాయి. గోటితో గీరి చూడమని సలహా ఇచ్చేవారున్నారు. అమ్మదలచిన వస్తువు మీద గాయం చేసి పరీక్షించడం నాకు సమ్మతం కాదు. అడుగుభాగం చూస్తే తెలిసేదాని కోసం ముఖాన్ని పాడుచేయనక్కరలేదు.

తరువాత రంగును పరిశీలించాలి. ఇదే కొండపల్లి బొమ్మ ధరలో పెద్ద తేడా తెచ్చే విషయం. పూర్వపు సహజవర్ణాలు, నీటి రంగులు మెరుపు తక్కువగా, కర్రలోకి ఇంకినట్టుగా ఉంటాయి. వెలుతురు పడిన వైపు వెలిసి, వెలుతురు తగలని వైపు ముదురుగా మిగులుతాయి. ఎనామిల్ రంగు గాజులా మెరుస్తుంది, మందంగా ఉంటుంది, మడతల దగ్గర పేరుకుంటుంది, పాతబడితే సన్నని బీటలు తీసి పెచ్చులుగా లేస్తుంది. చీకటి గదిలో టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేస్తే రెండు పూతలున్న చోట మెట్టులాగా అంచు తెలుస్తుంది. పెచ్చు లేచిన చోట కింద తెల్లని సుద్ద కనిపిస్తే అది తొలి రంగు కావచ్చు. మరో రంగు కనిపిస్తే మాత్రం తరువాత పూసినదే.

ఏటికొప్పాక లక్క బొమ్మలను పోల్చుకోవడం తేలిక. అనకాపల్లి జిల్లాలోని ఆ ఊరిలో అంకుడు కర్రను తరిమెన (లేత్) మీద బిగించి తిప్పుతూ చెక్కి, తిరుగుతూండగానే రంగు కలిపిన లక్కను అద్ది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. కాబట్టి బొమ్మ గుండ్రంగా, చుట్టూ వలయాల గీతలతో, అతుకు లేకుండా ఉంటుంది. కర్ణాటకలోని చెన్నపట్న బొమ్మలదీ ఇదే కర్ర, ఇదే పద్ధతి కావడం వల్ల చీటీ లేని పాత ముక్కను ఫలానా ఊరిదని గట్టిగా చెప్పకుండా లక్క బొమ్మ అని మాత్రమే రాయడం మేలు. లక్కపిడతల విషయంలో సెట్టు ఎంత పూర్తిగా ఉందన్నదే ప్రధానం. మూతలు, గరిటెలు, తిరగలి, రోలు, పొయ్యి, బిందెలు లెక్కపెట్టి, ఒకే రంగు కుటుంబానికి చెందిన వాటిని ఒక జట్టుగా పెట్టాలి. నిర్మల్ బొమ్మలు కూడా పొణికి కర్రవే. పండ్లు, కూరగాయలు, పక్షులు, జంతువులు అచ్చం అసలువాటిలా కనిపించేటట్టు రంగు వేసిన పని ఎక్కువగా అక్కడిది.

తిరుపతి వైపు నుంచి వచ్చిన దంపతుల బొమ్మలు ఎర్రచందనంతో చేసినవైతే బరువుగా, ముదురు ఎరుపు గోధుమ రంగులో, రంగు పూతే లేకుండా ఉంటాయి. వీటి గురించి చట్టం చెప్పేది ఐదవ పనిలో చూద్దాం. తంజావూరు బొమ్మల్లో రెండు తరహాలు కనిపిస్తాయి. తల, మొండెం, పావడా విడివిడిగా తీగ మీద ఊగేది ఒకటి, అడుగు బరువుగా గుండ్రంగా ఉండి పడతోస్తే తానే లేచి నిలబడేది మరొకటి. ఊగే బొమ్మకు లోపలి తీగ తుప్పు పట్టిందా, అన్ని భాగాలూ ఒకే బొమ్మవా అన్నది చూడాలి. మట్టి బొమ్మలకు అడుగున రంధ్రం, లోపల వేలిముద్రల జాడ, ఎర్రమట్టి రంగు ఉంటాయి. తెల్లగా సుద్దలా రాలితే అది ప్లాస్టర్.

ఇక విదేశీ బొమ్మలు. బార్బీ విషయంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆ బొమ్మను మాటెల్ సంస్థ 1959లో న్యూయార్క్‌లో విడుదల చేసింది. నడుము వెనుక 1966 అని అచ్చు కనిపిస్తే, అది 1966లో చేసిన బొమ్మ అని నమ్మి పెద్ద ధర ఆశిస్తారు. అది శరీరపు అచ్చుకు హక్కు నమోదైన సంవత్సరం. ఆ అచ్చుతో ఆ తరువాత దశాబ్దాల పాటు బొమ్మలు వచ్చాయి. అందుకని మెడ లోపలి అంచున తల అచ్చు సంవత్సరాన్ని, శరీరం మీది దేశం పేరును, బట్టల మీది చీటీని కలిపి చూడాలి. మన దేశంలోనే తయారైన చీర కట్టిన బార్బీలు 1980ల చివరి నుంచి వచ్చాయి. పెట్టెతో సహా ఉన్నవాటిని అడిగే విదేశీ సేకర్తలు ఉంటారు. చెవిపోగుల లోహం వల్ల చెవి చుట్టూ ఆకుపచ్చ మరక వ్యాపించిందేమో చూసి, ఉంటే తప్పక చెప్పాలి.

పింగాణీ తల, గుడ్డ శరీరం ఉన్న బొమ్మ కనిపించగానే జర్మనీ పాత బొమ్మ అనుకోకూడదు. అసలైన జర్మన్ బొమ్మల్లో చాలావాటికి మెడ వెనుక, సవరం కింద, తయారీదారు గుర్తు, అచ్చు సంఖ్య ఉంటాయి. దిగుమతి వస్తువు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చేసిన చట్టం 1891లో అమలైంది కాబట్టి, దేశం పేరు ఉన్నవి సాధారణంగా ఆ తరువాతివి. ఏ గుర్తూ లేని నిగనిగలాడే పింగాణీ బొమ్మల్లో ఎక్కువ భాగం గత ముప్ఫై నలభై ఏళ్లలో అలంకరణ కోసం చేసినవి, వాటికి పెద్ద ధర రాదు. బొమ్మ తల తెరుచుకునేదైతే లోపల చిన్న టార్చి వెలిగిస్తే వెంట్రుక వాసి బీట కూడా నల్లని గీతగా బయటపడుతుంది. పలుచగా, మరీ తేలికగా ఉండి, బొటనవేలితో రుద్దితే కర్పూరం వాసన వేసేది సెల్యులాయిడ్ అనే పాతతరం ప్లాస్టిక్. అది త్వరగా అంటుకునే పదార్థం కాబట్టి దీపం దగ్గర ఉంచకూడదు, పార్సిలులో పంపకూడదు. జపాన్ సెల్యులాయిడ్ బొమ్మ మీద ఆక్రమిత జపాన్ (Occupied Japan) అన్న ముద్ర ఉంటే అది 1945కూ 1952కూ మధ్య ఎగుమతి కోసం చేసినది.

మూడవ పని: కాలం తేల్చే చిన్న ఆధారాలు

బొమ్మ కంటే దాని పెట్టె, చీటీ ఎక్కువ మాట్లాడతాయి. ధర అణాల్లో రాసి ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్ 1కి ముందుది. నయాపైసలని ఉంటే 1957 నుంచి 1964 లోపలిది. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తరువాతది. ఆంధ్రప్రదేశ్ అన్న పేరుంటే 1956 నవంబరు 1 తరువాతది. కొండపల్లికి ఎన్టీఆర్ జిల్లా అని రాసిన చీటీ 2022కు ముందు ఉండదు. భౌగోళిక గుర్తింపు (జీఐ) ముద్ర, అంటే ఫలానా ఊరి సరుకని చట్టం గుర్తించిన ముద్ర, ఉన్న పెట్టె 2003 తరువాతదే, ఆ చట్టం అమలైంది అప్పుడే. ఐఎస్ఐ గుర్తున్న ఆటబొమ్మలు ఎక్కువగా ఈ కాలానివే, ఎందుకంటే బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి అయింది 2021 జనవరి నుంచి. పీట కింద ప్లస్ గుర్తు తల ఉన్న మర ఉంటే 1930లకు తరువాతి పని, లేదా తరువాత బిగించిన మర.

పెట్టె మీది చీటీ పెట్టెను గురించి చెబుతుంది, బొమ్మను చుట్టిన పత్రిక చుట్టిన రోజును గురించి చెబుతుంది. ఈ రెండూ బొమ్మ పుట్టిన రోజును నేరుగా చెప్పవు. బొమ్మ బట్టలను అతినీలలోహిత టార్చి కింద చూస్తే, నీలంగా గట్టిగా మెరిసే గుడ్డ, దారం సాధారణంగా 1950 తరువాతివి. పాత జరీలో వెండి ఉంటే నల్లబడుతుంది, ప్లాస్టిక్ జరీ నల్లబడదు. దారాన్ని కాల్చి చూసే పాత పద్ధతి బట్టల దుకాణానికి సరిపోతుంది గాని బొమ్మకు సరిపోదు.

నాల్గవ పని: స్థితిని అంచనా వేయడం

పొణికి కర్రకు పురుగు పెద్ద శత్రువు. సూది మొనంత రంధ్రాలు ఉంటే భయపడనక్కరలేదు. వాటి కింద కొత్తగా సన్నని పొడి రాలుతోందా అన్నదే చూడాలి. బొమ్మను విడిగా నల్ల కాగితం మీద పెట్టి, పై నుంచి కవరు కప్పి, కొన్ని వారాలు గమనించాలి. పొడి కనిపిస్తే పురుగు బతికే ఉంది, అది పూర్తిగా పోయేదాకా దానిని ఇతర బొమ్మలతో కలపకూడదు, అమ్మకూడదు. ప్లాస్టిక్ బొమ్మల పక్కన కలరా ఉండలు పెట్టకూడదు, కొన్ని ప్లాస్టిక్‌లు వాటి ఆవిరికి మెత్తబడి అతుక్కుంటాయి.

సెట్టుగా చేసిన బొమ్మలకు లెక్క ముఖ్యం. దశావతారాల్లో కొన్ని సెట్లకు బుద్ధుడు, మరికొన్నింటికి బలరాముడు ఉంటారు కాబట్టి, ఒకరు లేరని సెట్టు అసంపూర్ణమని తొందరపడకుండా పది ఉన్నాయా లేదా అని చూడాలి. పది బొమ్మల ఎత్తు, పీట రంగు, ముఖం గీసిన తీరు ఒకటిగా ఉన్నాయా అన్నది మరింత ముఖ్యం. తప్పిపోయిన బొమ్మకు బదులుగా తరువాత కొన్నది చేరి ఉంటే ఆ తేడా తెలిసిపోతుంది.

ఐదవ పని: అమ్మకూడని వాటిని పక్కన పెట్టడం

ఏనుగు దంతంతో చేసిన బొమ్మ, దంతం పొదిగిన బొమ్మ వారసత్వంగా వచ్చినా అమ్మడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ వ్యాపారం నేరం. అడ్డంగా కోసిన చోట ఒకదానినొకటి ఖండించుకునే సన్నని వంపు గీతలు కనిపిస్తే అది దంతమని అనుమానించాలి. ఎముకలో అయితే చిన్న నల్లని చుక్కలు, చారలు ఉంటాయి. ఎర్రచందనం అంతర్జాతీయ వాణిజ్యానికి నియంత్రణ ఉన్న కర్ర. అందువల్ల ఆ బొమ్మలను అటవీ శాఖ వారిని అడగకుండా దేశం బయటి వారికి పంపకూడదు.

వందేళ్లు దాటిన కళాఖండాలు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని వ్యాపారంగా అమ్మడానికి లైసెన్సు కావాలి, కొన్ని తరగతులను నమోదు చేయించాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. కాబట్టి ముత్తవ్వ బొమ్మ నూట ఇరవై ఏళ్లదని ప్రకటనలో గొప్పగా రాసే ముందు ఆ మాటకున్న బరువు తెలుసుకోవాలి. పాతదిగా కనిపించే బొమ్మ నిజానికి వందేళ్లలోపుదైతే, విదేశాలకు పంపేటప్పుడు అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ నుంచి ధ్రువపత్రం తీసుకోవచ్చు. ఇంటి బొమ్మలు ఉమ్మడి ఆస్తి అయితే తోబుట్టువులందరి సమ్మతి రాతలో ఉంచుకోవడం కూడా ఇక్కడే పూర్తిచేయాలి.

ఆరవ పని: ధర కట్టడం

ముందుగా ఒక ఉదయం కొండపల్లి వెళ్లాలి. విజయవాడకు పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న ఆ ఊరిలో బొమ్మలు చేసే ఇళ్లవారిని కలిసి, తమ బొమ్మల ఫోటోలు చూపి, ఇదే రూపం, ఇదే ఎత్తు ఇప్పుడు చేస్తున్నారా, చేస్తే ధరెంత అని మర్యాదగా అడగాలి. ఆ తరువాత ప్రభుత్వ హస్తకళల దుకాణమైన లేపాక్షిలో అదే బొమ్మ ధర రాసుకోవాలి. కళాకారులు తమ తాతల చేతిపనిని ముఖం గీత చూసి పోల్చుకుంటారు. వారి సమయానికి విలువ ఇచ్చి ఒక కొత్త బొమ్మ కొని రావడం సబబు.

కొత్త ధర తెలిశాక, నేను అనుసరించే పద్ధతి ఇలా ఉంటుంది. అంబారీ ఏనుగు కొత్తది 2,000 రూపాయలనుకుందాం. మన బొమ్మ కూడా ఎనామిల్ రంగుదే, రూపం ఇప్పటికీ చేస్తున్నదే, స్థితి బాగుంది అంటే, దానికి 800 నుంచి 1,200 వరకు ఆశించవచ్చు. వయసు ఎక్కువని అంతకు మించి అడిగితే, కొనేవారు నేరుగా కొండపల్లి వెళ్లి కొత్తదే తెచ్చుకుంటారు. ఇంట్లోవాళ్లు మళ్లీ రంగు పూసిన బొమ్మ అయితే ధర 500 దగ్గరే మొదలుపెట్టాలి. తొలి రంగులే ఉండి, ఆ రూపం ఇప్పుడు ఎవరూ చేయడం లేదని కళాకారులే చెబితే లెక్క తిరగబడుతుంది. ఇప్పుడు కొత్తదాని ధర హద్దుగా ఉండదు, అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఇలాంటి బొమ్మను తొందరపడి స్థానికంగా ఒక్కరికే చూపకుండా ఇద్దరు ముగ్గురు సేకర్తలకు ఫోటోలు పంపి, వారు వేరువేరుగా చెప్పిన ధరలు విన్న తరువాతే నిర్ణయించాలి.

సెట్టు ధరను విడి బొమ్మ ధరతో గుణించి చెప్పకూడదు. పది బొమ్మలూ ఒకే చేతిపని అయిన దశావతారాల సెట్టు, విడివిడి ధరల మొత్తం కంటే ఎక్కువ పలకవచ్చు. ఒక్క బొమ్మ తగ్గితే పదో వంతు కాదు, మూడో వంతు దాకా తగ్గించుకోవలసి రావచ్చు. తగ్గిన బొమ్మను కొండపల్లిలో కొత్తగా చేయించి చేర్చితే కొలువు పెట్టేవారికి నచ్చుతుంది. అయితే తొమ్మిది పాతవి, ఒకటి కొత్తది అని బిల్లులో రాయాలి.

విదేశీ, ప్లాస్టిక్ బొమ్మలకు ధర తెలుసుకునే మార్గం వేరు. ఈబే వంటి ఆన్‌లైన్ అమ్మకాల వేదికల్లో అమ్మేవారు అడిగే ధరను పట్టించుకోకుండా, అమ్ముడైనవి అన్న వడపోత పెట్టి, నిజంగా చెల్లించిన ధరలు చూడాలి. అదే అచ్చు, అదే స్థితి, పెట్టె ఉండడం లేకపోవడం సరిపోయిన అయిదు అమ్మకాలు తీసుకుని, అన్నిటికంటే పెద్దదాన్ని, చిన్నదాన్ని వదిలి, మిగిలిన వాటి మధ్య ధరను ఆధారం చేసుకోవాలి. అందులోంచి వేదిక కమిషను, పార్సిలు ఖర్చు, విరిగితే తిరిగి ఇవ్వవలసిన డబ్బుకు కొంత భద్రత తీసేస్తే చేతికొచ్చేది తెలుస్తుంది. అయిదు అమ్మకాలు దొరకని బొమ్మ నిజంగా అరుదైనది కావచ్చు, ఎవరూ కోరనిది కూడా కావచ్చు. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే కోరి అడిగేవారు ఎక్కడైనా ఉన్నారేమో చూడాలి.

ప్రతి బొమ్మకూ మూడు అంకెలు రాసుకోవడం మంచిది. ప్రకటనలో అడిగేది, మనసులో ఆశించేది, అంతకంటే దిగకూడనిది. దుకాణదారు ఇచ్చే ధర మామూలుగా చిల్లర ధరలో మూడో వంతు నుంచి సగం వరకు ఉంటుంది. సరుకు నిలవ ఉంచుకుని, అమ్ముడయ్యేదాకా డబ్బు కట్టిపెట్టుకునేది ఆయనే కనుక దీన్ని మోసంగా చూడనక్కరలేదు. మంచి బొమ్మలు నాలుగు మాత్రమే చూసుకుని తక్కినవి వద్దనే కొనుగోలుదారుతో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఆ నాలుగు పోతే మిగిలిన పెట్టెకు గిరాకీ ఉండదు. విడిగా అమ్మదగినవి, జట్టుగా ఇవ్వదగినవి ఏవో ముందే రాసుకుంటే బేరంలో తడబాటు ఉండదు.

కాలం కూడా ధరను మారుస్తుంది. కొలువు బొమ్మలకు గిరాకీ దసరాకు ముందు, సంక్రాంతికి ముందు పెరుగుతుంది. వినాయక చవితి దాటగానే ఒకసారి, ధనుర్మాసం మొదలయ్యేసరికి మరొకసారి ప్రకటన పెట్టడం మేలు. భోగి వెళ్లిన మరుసటి వారం అదే బొమ్మకు అదే ధర రాదు.

ఏడవ పని: చూపడం, రాయడం, అప్పగించడం

ఫోటోలు ఉదయపు వెలుతురులో కిటికీ పక్కన, రంగు లేని గుడ్డ మీద తీయాలి. ముందు, వెనుక, రెండు పక్కలు, అడుగు, ముఖం దగ్గరగా, ఆపైన ప్రతి లోపాన్నీ విడిగా తీయాలి. ఎత్తు తెలిసేటట్టు పక్కన స్కేలు పెట్టాలి. అడుగు ఫోటో లేని కొండపల్లి బొమ్మ ప్రకటనను సేకర్తలు నమ్మరు, వారికి అది నిజంగా అవసరం.

వివరం ఇలా రాయవచ్చు: పొణికి కర్రతో చేసిన ఏనుగు అంబారీ, ఎత్తు 22 సెంటీమీటర్లు, కొండపల్లి తరహా, రంగు ఎనామిల్, మళ్లీ పూసినట్టు కనిపించదు, ఏనుగు ఎడమ చెవి కొస విరిగింది, ముక్క ఉంది, పురుగు పొడి లేదు, 1974 పెళ్లి సారెలో వచ్చిందని కుటుంబం చెబుతోంది. ఇందులో అద్భుతం, అత్యంత అరుదు వంటి మాట ఒక్కటీ లేదు. అలాంటి మాటలు లేకపోవడమే కొనేవారికి ధైర్యం ఇస్తుంది.

పొణికి బొమ్మల చేతులు, గొడుగులు, చక్రాల వంటి భాగాలు ప్రయాణంలో ముందు విరుగుతాయి. ఊడదీయగల వాటిని తీసి విడిగా చుట్టాలి. బొమ్మకు ముందు మెత్తని నూలు గుడ్డ, దాని మీద బుడగల కవరు చుట్టాలి. బుడగల కవరు నేరుగా రంగుకు తగిలితే వేడికి గుర్తులు పడతాయి. చేతుల చుట్టూ దూది కుక్కితే ఒత్తిడి వేళ్ల మీద పడుతుంది కాబట్టి ఆ చోటు ఖాళీగా వదిలి, నడుము, పీట దగ్గర గట్టిగా పట్టుండేలా సర్దాలి. ఒక పెట్టెను మరో పెద్ద పెట్టెలో పెట్టి మధ్య ఖాళీలో కాగితపు ఉండలు నింపాలి. రోహిణీ కార్తెలో మన ప్రాంతపు ఎండకు మూసిన బండిలో లక్క మెత్తబడవచ్చు. ఆ రోజుల్లో లక్క బొమ్మలు పంపకుండా వానలు మొదలై గాలి చల్లబడే దాకా ఆగమని కొనేవారిని కోరితే చాలామంది ఒప్పుకుంటారు.

స్థానికంగా అమ్మేటప్పుడు కొనేవారిని ఇంటికి పిలిచి, బొమ్మను వారి చేతికే ఇచ్చి చూడనివ్వాలి. బయానా తీసుకుంటే తేదీ, మొత్తం, మిగిలిన సొమ్ము ఎప్పుడివ్వాలన్నది రాసిన రసీదు ఇవ్వాలి. బిల్లులో బొమ్మ సంఖ్య, వివరం, చెప్పిన లోపాలు, తిరిగి తీసుకునే షరతు ఉండాలి. చీటీ కట్టిన దారం విప్పకుండా, ఆ బొమ్మను గురించి పెద్దలు చెప్పిన మాటల నకలు ఒకటి జతచేసి అప్పగించాలి.